8 ఫ్యాక్టోరియల్: ల్యాబ్‌లో −25216, ఇంట్లో 40320. ఏది నమ్మాలి?

నంద్యాల_ఫస్ట్‌ఇయర్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. బీటెక్ మొదటి సంవత్సరం, సీఎస్ఈ. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. కంప్యూటర్ ముట్టుకున్నది కాలేజీలో చేరాకే. సీ ల్యాబ్ ఎక్స్‌టర్నల్ వచ్చే వారం. ఫోన్‌లో తెలుగు కీబోర్డుతో కొడుతున్నా కాబట్టి కోడ్ కూడా తెలుగు అక్షరాల్లోనే పెడుతున్నా, ఏమీ అనుకోకండి.

ల్యాబ్‌లో మాకు టర్బో సీ, ఆ నీలం తెర. ఇంట్లో అన్నయ్య తన పాత ల్యాప్‌టాప్‌లో కోడ్ బ్లాక్స్ వేసిచ్చాడు, విండోస్. అబ్జర్వేషన్ బుక్‌లోని ఫ్యాక్టోరియల్ (1 నుంచి ఇచ్చిన నంబరు దాకా అన్నీ గుణిస్తే వచ్చేది) ప్రోగ్రామ్‌ని రెండు చోట్లా అక్షరం మారకుండా కొట్టాను. ముఖ్యమైన భాగం ఇదీ:

ఇంట్ ఎన్, ఐ, ఎఫ్ = 1;
స్కాన్ఎఫ్("%డి", &ఎన్);
ఫర్ (ఐ = 1; ఐ <= ఎన్; ఐ++)
ఎఫ్ = ఎఫ్ * ఐ;
ప్రింట్ఎఫ్("%డి", ఎఫ్);

5 ఇస్తే 120, 7 ఇస్తే 5040. ఇక్కడిదాకా రెండు చోట్లా ఒకటే. 8 ఇస్తే ల్యాబ్‌లో −25216, ఇంట్లో 40320! నా సిస్టమ్ పాడైందేమో అనుకున్నా, పక్క సిస్టమ్‌లో అమ్మాయికీ అదే మైనస్. తను 10 ఇచ్చి చూస్తే 24320 వచ్చింది. అందులో మైనస్ లేదు కదా, అది కరెక్టేనా? ల్యాబ్‌లో అడిగితే "చిన్న నంబర్లే ఇవ్వమ్మా" అన్నారు.

ఇంకో డౌట్. జవాబు చూపించాక "మళ్ళీ చేయాలా? వై / ఎన్" అని అడిగేలా డూ వైల్ లూప్ పెట్టాను. ప్రశ్న తెర మీదికి వస్తుంది, నేను వై కొట్టేలోపే ప్రోగ్రామ్ అయిపోతుంది. ఇది మాత్రం ల్యాబ్‌లోనూ ఇంట్లోనూ ఒకేలా ఉంది.

ఇంట్లో తెర తుడిచే సీఎల్ఆర్ఎస్సీఆర్ లైన్ దగ్గర "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్" అని ఎర్రగా వస్తోంది, ఆ లైన్ ఆపితేనే నడుస్తోంది. ల్యాబ్‌లో ఏ గొడవా లేదు. పాయింటర్లు ఇంకా మొదలే కాలేదు, ఇప్పుడే ఇలా ఉంటే ముందు ముందు ఎలాగో అని టెన్షన్‌గా ఉంది.

---

లాస్ట్‌బెంచ్_సీనియర్:

సిస్టర్, చాలా సింపుల్. ఇంట్ బదులు లాంగ్ పెట్టు, %డి బదులు %ఎల్‌డి పెట్టు, 40320 వచ్చేస్తుంది. వై / ఎన్ చదివే లైన్‌కి ముందు ఎఫ్‌ఫ్లష్(ఎస్‌టీడీఇన్) కొట్టు. ఇంట్లో సీఎల్ఆర్ఎస్సీఆర్ లైన్ తీసెయ్. మా బ్యాచ్ అంతా ఇలాగే గట్టెక్కాం. ఎక్స్‌టర్నల్‌లో అవుట్‌పుట్ కనిపిస్తే చాలు, లోపల ఏముందో ఎవరూ చూడరు. ఆల్ ది బెస్ట్.

---

మీటర్‌బోర్డు_చర్లపల్లి:

అమ్మా, ముందు సూటిగా జవాబు. 8కి సరైనది 40320. మీ ఫ్రెండ్‌కి 10కి వచ్చిన 24320 తప్పు, అసలు జవాబు 36,28,800. మైనస్ వస్తే ఎవరైనా తప్పని కనిపెడతారు. మైనస్ లేకుండా, చూడ్డానికి బుద్ధిగా ఉన్న తప్పు జవాబే ప్రమాదం. నువ్వు దాని మీద అనుమానపడ్డావు, బాగా పడ్డావు.

నేను హైదరాబాద్ చర్లపల్లిలో కరెంటు మీటర్ల బోర్డులకి సీ కోడ్ రాస్తాను. పొద్దున లేస్తే నాకు ఇదే గొడవ, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తా, ఓపిగ్గా చదువు.

రెండు చోట్లా ఈ ఒక్క లైన్ వేసి చూడు: ప్రింట్ఎఫ్("%డి", సైజ్ఆఫ్(ఇంట్)). ల్యాబ్‌లో 2 వస్తుంది, ఇంట్లో 4 వస్తుంది. (ఇంట్లో %డి మీద వార్నింగ్ రావచ్చు, ఈ ఒక్కసారికి వదిలెయ్.) నీ ప్రశ్నకి జవాబు మొత్తం ఆ రెండు అంకెల్లోనే ఉంది. టర్బో సీలో ఇంట్‌కి 2 బైట్లు, అంటే 16 బిట్లు. నీ ల్యాప్‌టాప్ కంపైలర్‌లో 4 బైట్లు, 32 బిట్లు. "ఇంట్ ఇంత సైజు ఉండి తీరాలి" అని సీ భాష ఎక్కడా పట్టుబట్టదు. కనీసం −32767 నుంచి 32767 దాకా పట్టాలి, అంతే రూలు. మిగతాది మెషీన్‌ని బట్టి కంపైలర్ తేల్చుకుంటుంది. 1970లలో డెనిస్ రిచీ బెల్ ల్యాబ్స్‌లో సీని పెంచింది పీడీపీ-11 మీద, అది 16 బిట్ల మెషీన్. బోర్లాండ్ వాళ్ళు 1987లో టర్బో సీ తెచ్చింది డాస్ కోసం, అదీ 16 బిట్ల కాలమే. కాబట్టి మీ ల్యాబ్ కంపైలర్ తప్పు చేయట్లేదు, తన కాలంలో తాను ఉంది.

ఇప్పుడు −25216 ఎక్కడినుంచి ఊడిపడిందో చూద్దాం. పాత కరెంటు మీటరులో 9999 దాటితే మళ్ళీ 0000 నుంచి మొదలవుతుంది కదా, 16 బిట్ల పెట్టె కూడా అలాగే గుండ్రంగా తిరుగుతుంది. దానిలో 65536 రకాల అమరికలు పడతాయి. సగం ప్లస్‌కి, సగం మైనస్‌కి పంచారు: 0 నుంచి 32767 దాకా ప్లస్, ఆపైన ఉన్నవన్నీ మైనస్‌గా చదవాలి. ఎలా చదవాలంటే, వచ్చిన సంఖ్యలోంచి 65536 తీసెయ్యడమే.

7 ఫ్యాక్టోరియల్ 5040, హాయిగా పట్టింది. దాన్ని 8తో గుణిస్తే 40320. ఇది 32767 దాటింది. 40320 − 65536 = −25216. చూశావా, కంప్యూటర్‌కి పిచ్చెక్కలేదు, తీసివేత చేసింది.

ఇప్పుడు 9 నువ్వే కాగితం మీద చెయ్యి. 3,62,880లోంచి 65536ని ఎన్నిసార్లు తీయగలవో అన్నిసార్లు తియ్యి, 35200 మిగులుతుంది. అది 32767 కన్నా ఎక్కువ, కాబట్టి ఇంకోసారి తీస్తే −30336. ల్యాబ్‌లో 9 ఇస్తే కచ్చితంగా ఇదే వస్తుంది. ఇక 10: మిగిలిన 35200ని 10తో గుణిస్తే 3,52,000. అందులోంచి 65536ని అయిదుసార్లు తీస్తే 24320. ఈసారి అది 32767 లోపే పడింది కాబట్టి మైనస్ లేదు. అంతే తప్ప దానిలో నిజం ఏమీ లేదు.

(రూలు పుస్తకం ప్రకారం మైనస్ పట్టే పెట్టె పొర్లితే ఏం జరగాలో సీ చెప్పదు, కంపైలర్ ఏమైనా చేసుకోవచ్చు. ఇలా గుండ్రంగా తిరగడానికి గ్యారంటీ అన్‌సైన్డ్‌కి, అంటే మైనస్ పట్టని పెట్టెకి మాత్రమే. నీ రెండు కంపైలర్లూ ఈ ప్రోగ్రామ్‌లో తిప్పుతున్నాయి కాబట్టి లెక్క సరిపోతోంది. వైవాలో ఈ ముక్క చెబితే ఎక్స్‌టర్నల్ సార్ తల పైకెత్తి చూస్తారు.)

ఇంట్లో జవాబు సరిగ్గా వస్తోందని నిశ్చింతగా ఉండకు. 12 ఇవ్వు: 47,90,01,600, కరెక్ట్. 13 ఇవ్వు: 1932053504 వస్తుంది. అసలు జవాబు 6,22,70,20,800. జబ్బు అదే, పెట్టె పెద్దదైంది కాబట్టి ఆలస్యంగా బయటపడింది.

పైన తమ్ముడు లాంగ్ పెట్టమన్నాడు. ల్యాబ్‌లో అది పనిచేస్తుంది, టర్బో సీలో లాంగ్ 4 బైట్లు కాబట్టి 12 దాకా లాగుతుంది. నీ ల్యాప్‌టాప్‌లో మాత్రం దమ్మిడీ ఉపయోగం ఉండదు. విండోస్‌లో లాంగ్ కూడా 4 బైట్లే, ఇంట్ ఎంతో అంతే. అదే లైనక్స్ 64 బిట్‌లో అయితే 8 బైట్లు. ఇంట్లో లాంగ్ లాంగ్ వాడు, %ఎల్‌ఎల్‌డితో ప్రింట్ చెయ్యి, 20 దాకా వెళ్తుంది. 21కి అదీ పొర్లుతుంది. ల్యాబ్‌లో లాంగ్ లాంగ్ ప్రయత్నించకు, టర్బో సీకి ఆ మాటే తెలియదు, అది 1999 స్టాండర్డ్‌లో వచ్చింది.

16 బిట్లంటే మ్యూజియం సరుకు అనుకోవద్దు. ప్రాజెక్టుల కోసం పిల్లలు కొనే చిన్న బోర్డు ఆర్డుయినో ఊనో ఆర్3లో ఈ రోజుకీ ఇంట్ 2 బైట్లే. దానిలో ర్యామ్ మొత్తం 2 కిలోబైట్లు, అక్కడ పొదుపు తప్పదు. 32 బిట్ల సంగతీ అంతే. 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ మైనస్ కూడా పట్టే 32 బిట్ల పెట్టెలో దాచుకునే గడియారాలన్నీ 2038 జనవరి 19న, మన టైము ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే పొర్లుతాయి. మీటరు ఒకసారి గోడకి బిగిస్తే ఏళ్ళతరబడి ఉంటుంది, అందుకే మా దగ్గర కొత్త బోర్డు డిజైన్ మొదలైతే టైము ఏ పెట్టెలో దాస్తున్నారన్నది మొదట తేల్చాకే మిగతా మాటలు.

ఇక నీ వై / ఎన్ సంగతి. నువ్వు 8 కొట్టి ఎంటర్ నొక్కావు. లోపలికి వెళ్ళినవి రెండు: 8, దాని వెనకాల ఎంటర్. %డి వచ్చి 8ని తీసుకుని వెళ్ళిపోయింది. ఎంటర్ అక్కడే క్యూలో నిలబడి ఉంది. తర్వాత వై / ఎన్ కోసం ఒక్క అక్షరం చదివే నీ %సీ వచ్చింది. దానికి ఏ అక్షరమైనా ఒకటే, ముందు ఉన్నదాన్ని తీసుకుంటుంది. ఎంటర్ దొరికింది, తీసుకుంది. అది వై కాదు కాబట్టి లూప్ అయిపోయింది. నువ్వు కీబోర్డు మీద చెయ్యి పెట్టే అవసరమే రాలేదు. మరి స్కాన్ఎఫ్ %డితో రెండు నంబర్లు వరసగా చదివితే ఈ తంటా ఎందుకు రాదంటావా? %డి తన ముందున్న ఖాళీలు, ఎంటర్‌లు అన్నీ తోసేసి అంకె కోసం వెతుక్కుంటుంది. %సీ అలా తొయ్యదు.

మందు చిన్నది. కోట్స్ లోపల % కి ముందు ఒక్క స్పేస్ పెట్టు: స్కాన్ఎఫ్(" %సీ", &సీహెచ్). ఆ ఖాళీకి అర్థం "అడ్డమున్న ఖాళీలన్నీ తొయ్యి" అని. ఎఫ్‌ఫ్లష్(ఎస్‌టీడీఇన్) వద్దు. ఎఫ్‌ఫ్లష్ బయటికి పోయే వాటికోసం పుట్టింది, లోపలికి వచ్చే వాటి మీద వాడితే ఏమవుతుందో స్టాండర్డ్ చెప్పలేదు. టర్బో సీలో నడుస్తుంది, విండోస్‌లో కొన్నింట నడుస్తుంది, రేపు లైనక్స్‌లో కూర్చుంటే నడవకపోవచ్చు.

సీఎల్ఆర్ఎస్సీఆర్ బోర్లాండ్ వాళ్ళ సొంత సరుకు, సీ భాషది కాదు. ఇంట్లో తీసెయ్, ల్యాబ్‌లో ఉంచుకో.

ఇంకొక్కటి, ఇది మాత్రం ఈ రాత్రే చెయ్యి. కోడ్ బ్లాక్స్ సెట్టింగ్స్‌లో కంపైలర్‌లోకి వెళ్ళి "ఎనేబుల్ ఆల్ కామన్ కంపైలర్ వార్నింగ్స్" దగ్గర టిక్ పెట్టు. స్కాన్ఎఫ్‌లో & మర్చిపోయినా, ఇఫ్‌లో == బదులు = పడినా అది చెప్తుంది. వార్నింగే కదా అని వదిలెయ్యకు, ఎర్రదాన్ని చదివినట్టే చదువు.

---

నంద్యాల_ఫస్ట్‌ఇయర్:

అన్నా, చాలా థాంక్స్. సైజ్ఆఫ్ వేస్తే ల్యాబ్‌లో 2, ఇంట్లో 4, మీరన్నట్టే వచ్చాయి. 9కి −30336 వస్తుందని పక్కమ్మాయికి ముందే చెప్పి ఎంటర్ కొట్టాను, తను నోరు తెరిచింది! స్పేస్ పెట్టాక వై / ఎన్ కూడా ఆగుతోంది. టిక్ పెడితే మా వాయిడ్ మెయిన్ మీద కూడా వార్నింగ్ వచ్చింది, అది ఇంట్ మెయిన్ చేసి చివర రిటర్న్ 0 పెట్టా.

ఇప్పుడు కొత్త విచిత్రం. ల్యాబ్‌లో పెద్ద నంబర్లు వరసగా ఇస్తూ పోయాను. 17కి −32768. 18 నుంచి ఎంత ఇచ్చినా సున్నానే. 19, 20, 25, అన్నీ సున్నా. గుణించుకుంటూ పోతే సున్నా ఎలా అవుతుంది?

ఇంకోటి, వైవాలో తప్పకుండా అడుగుతారని క్లాసులో రాయించిన ప్రశ్న: ఐ = 5; ప్రింట్ఎఫ్("%డి %డి %డి", ఐ, ఐ++, ++ఐ). జవాబు 7 6 6 అని బట్టీ పట్టమన్నారు. నాకు 5 5 7 అనిపిస్తోంది. మా ఇంటి కంపైలర్ దీనిమీద కూడా వార్నింగ్ ఇస్తోంది, "మే బీ అన్‌డిఫైన్డ్" అట.

---

లాస్ట్‌బెంచ్_సీనియర్:

సిస్టర్, 7 6 6 అనే చెప్పు. కుడివైపు నుంచి లెక్క వేసుకుంటూ రావాలి: ++ఐ అంటే 6, ఐ++ అంటే 6 ఇచ్చి 7 అవుతుంది, చివరికి ఐ 7. మాకూ ఇదే అడిగారు. అన్నగారు చెప్పేది కరెక్టే కావచ్చు, కానీ మార్కులు వేసేది అన్నగారు కాదు కదా. లాంగ్ విషయం మాత్రం నాకు కొత్త. విండోస్‌లో 13 వేసి చూశా, నిజంగానే మారలేదు.

---

మీటర్‌బోర్డు_చర్లపల్లి:

తమ్ముడూ, చెక్ చేసి చూశావు, సంతోషం. మార్కుల మాట కూడా ఒప్పుకుంటా. వైవాలో ఇలా చెప్పమ్మా: "టర్బో సీ ఆర్గ్యుమెంట్లని కుడి నుంచి ఎడమకి లెక్కిస్తుంది కాబట్టి ఇక్కడ 7 6 6 వస్తుంది సార్. వేరే కంపైలర్‌లో మారవచ్చు." మార్కు దక్కుతుంది, అబద్ధమూ ఆడినట్టు కాదు.

అసలు సంగతి: ప్రింట్ఎఫ్‌కి ఇచ్చిన వాటిలో ఏది ముందు లెక్కించాలో సీ చెప్పదు. పైగా ఒకే ఐని అలా రెండుసార్లు మారుస్తూ, మధ్యలో చదువుతూ ఉంటే దానికి నిర్ణయించిన అర్థమే లేదు. నీ 5 5 7 తప్పూ కాదు, 7 6 6 ఒప్పూ కాదు, ఆ లైనే తప్పు. మా దగ్గర ఎవరైనా ఇలాంటి లైన్ రాస్తే రివ్యూలో వెనక్కి పంపేస్తాం. ఇంటర్వ్యూకి వచ్చిన పిల్లలు ఈ లెక్కలు గడగడా చెప్తారు, ఇంట్ ఎన్ని బైట్లని అడిగితే మాత్రం నీళ్ళు నములుతారు. నాకు ఈ ప్రశ్నలంటే ఒళ్ళు మంట, ఇంతటితో ఆపుతా.

సున్నా సంగతి బాగుంది, దానికి కూర్చుని రాయొచ్చు. బైనరీలో ఒక సంఖ్యని 2తో గుణిస్తే చివర ఒక సున్నా చేరుతుంది, మనం 10తో గుణిస్తే చేరినట్టే. కాబట్టి ఫ్యాక్టోరియల్‌లో ఎన్ని 2లు దాగి ఉంటే చివర అన్ని సున్నా బిట్లు. 18 ఫ్యాక్టోరియల్‌లో ఎన్నున్నాయో లెక్కపెడదాం. 2, 4, 6 అంటూ 18 దాకా సరిసంఖ్యలు తొమ్మిది, తలా ఒక 2 ఇస్తాయి. 4, 8, 12, 16 ఇంకొకటి ఎక్కువ ఇస్తాయి, నాలుగు. 8, 16 ఇంకొకటి, రెండు. 16 మరొకటి. 9 + 4 + 2 + 1 = 16. చివరి 16 బిట్లు అన్నీ సున్నాలే. నీ ల్యాబ్ పెట్టెలో పట్టేది సరిగ్గా ఆ చివరి 16 బిట్లే, మిగతావి పైనుంచి పడిపోయాయి. ఒకసారి సున్నా అయ్యాక దేనితో గుణించినా సున్నానే కాబట్టి 19, 20, 25 అన్నీ అంతే.

17 దగ్గర 2లు పదిహేనే. చివర పదిహేను సున్నాలు, వాటి ముందు ఒక్క 1. ఆ 1 ఉన్నది అన్నిటికన్నా ఎడమ బిట్, మైనస్‌ని చెప్పేది అదే. అందుకే 17కి −32768, ఆ పెట్టెలో పట్టే అతి చిన్న సంఖ్య.

పాయింటర్లకి భయపడొద్దు, నువ్వు ఇప్పటికే వాడుతున్నావు. స్కాన్ఎఫ్‌లో &ఎన్ అని రాస్తున్నావే, "ఎన్ అనే పెట్టె మెమరీలో ఎక్కడుందో ఆ అడ్రస్" అని దాని అర్థం. విలువ ఇస్తే స్కాన్ఎఫ్‌కి ఉపయోగం లేదు, తెచ్చినది ఎక్కడ పెట్టాలో తెలియాలి కదా. ఎక్స్‌టర్నల్ అయ్యాక ఇంట్ రకం వేరియబుల్స్ నాలుగింటి అర్రే ఒకటి పెట్టి, ఒక్కోదాని అడ్రస్‌ని %పీతో ప్రింట్ చేసి చూడు. అవి హెక్స్‌లో, అంటే 16ని ఆధారంగా రాసే అంకెల్లో వస్తాయి. ఒకదానికి ఒకటి ఎంత దూరంలో ఉన్నాయో తీసివేసి చూస్తే మళ్ళీ ఆ 4 కనిపిస్తుంది. అక్కడినుంచి పాయింటర్ల పాఠం మొదలుపెడదాం, ఇక్కడే రాయి.

ఈలోగా ఇంటి ల్యాప్‌టాప్‌లో ఇంట్ అలాగే ఉంచి ఒక పని చెయ్యి. 32 బిట్ల పెట్టె ఏ నంబరు దగ్గర సున్నా అవుతుందో ముందు కాగితం మీద 2లు లెక్కపెట్టి తేల్చుకో, ఆ తర్వాతే ప్రోగ్రామ్ నడుపు. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆప్టిమైజేషన్ పెడితే కంపైలర్ వేరే వేషాలు వేయొచ్చు, అది ఆన్ చేయకుండా చూడు. 33, 34 దగ్గర ఏం వచ్చిందో చెప్పు.